మ్యాపు గీసే చేతులు కావాలి: జియోస్పేషియల్ రంగంలో మన పిల్లలకు దారి ఎటు?

ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్, జియోట్యాగ్, డ్రోన్ సర్వే. ఈ మాటలు కొన్నేళ్ల కిందట ఇంజనీర్ల నోట తప్ప వినిపించేవి కావు. ఇప్పుడు మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ దగ్గర కూడా వినిపిస్తున్నాయి. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువు పక్కన ప్లాటు ఉన్న ప్రతి కుటుంబం ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో నేర్చుకోవాల్సి వచ్చింది. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచి, వక్ఫ్ ఆస్తుల వివరాలను 6 నెలల్లో లొకేషన్‌తో సహా ఎక్కించమంది. అదే ఏడాది ఫిబ్రవరిలో 'నక్షా' పేరుతో దేశంలోని 152 పట్టణాల్లో భూముల సర్వే మొదలైంది. విమానాలు, డ్రోన్లతో పైనుంచి ఫొటోలు తీసి, ఇంటింటి హద్దులు గుర్తించే పథకం ఇది.

ఇవన్నీ వేర్వేరు వార్తల్లా కనిపిస్తాయి. లోపల జరిగే పని మాత్రం ఒక్కటే. నేల మీద ఉన్నదాన్ని పైనుంచి చూడటం, కొలవటం, మ్యాపు మీద గీత గీయటం, ఆ గీతను బట్టి నిర్ణయం తీసుకోవటం. దీన్నే జియోస్పేషియల్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. పేరు వినగానే గూఢచారుల పనిలా అనిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. ఈ మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికా రక్షణ శాఖ కింద పనిచేసే ఎన్‌జీఏ అనే సంస్థ. 2003లో ఆ పేరు పెట్టుకుంది. కానీ ఇప్పుడు తుపాను హెచ్చరిక, పంట నష్టం అంచనా, కరెంటు లైన్ల నిర్వహణ, బిర్యానీ తెచ్చే డెలివరీ బాయ్‌కి దారి చూపించటం వరకూ అన్నిటికీ ఇదే విద్య కావాలి.

గీత అయితే పడుతోంది. దాన్ని గీస్తున్నది ఎవరు, ఆ గీతలో ఎంత తేడా ఉండొచ్చో తెలిసినవారు ఎంతమంది, వారిలో మన పిల్లలు ఉన్నారా అన్నది అడగాల్సిన విషయం.

ఒక చుక్క, ఒక గుంట

నేను చదివింది బీకాం. శాటిలైట్ సైన్స్ మొదట్లో నాకూ తలకెక్కలేదు. లెక్క రూపంలో చూసుకున్నాకే అర్థమైంది. మీకూ అలాగే చెబుతాను.

శాటిలైట్ ఫొటో అంటే చిన్న చిన్న చదరపు చుక్కల అల్లిక. ఒక్కో చుక్క నేల మీద ఎంత జాగాను చూపిస్తుందన్నదే అసలు సంగతి. యూరప్ వారి సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అందులో ఒక చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు, సుమారు 120 గజాలు. మన లెక్కలో గుంట అంటే 121 గజాలు. కాబట్టి ఒక చుక్క దాదాపు ఒక గుంట. పాతబస్తీలో 60 గజాల ఇల్లు ఆ ఫొటోలో సుమారు అర చుక్కే ఉంటుంది. పంట పచ్చగా ఉందా, చెరువులో నీళ్లు తగ్గాయా అని చూడటానికి ఆ ఫొటో బాగా పనికొస్తుంది. రెండిళ్ల మధ్య గోడ ఎవరిదో తేల్చటానికి పనికిరాదు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మన దేశం మొదటి ఆపరేషనల్ రిమోట్ సెన్సింగ్ శాటిలైట్ ఐఆర్‌ఎస్-1ఏను 1988 మార్చిలో పంపింది. అందులో మెరుగైన కెమెరాకు కూడా ఒక చుక్క సుమారు 36 మీటర్లు. లెక్క వేస్తే ఒక చుక్కలో 13 గుంటలు. చెరువు 1990లో ఎక్కడి వరకు ఉండేది అని ఆనాటి ఇలాంటి ఫొటో చూసి చెప్పాలంటే, ఒడ్డు గీత అటో ఇటో ఎన్నో మీటర్లు జరిగే వీలుంది. 10 హెక్టార్లలోపు చెరువులకు తెలంగాణ నిబంధనల ప్రకారం బఫర్ 9 మీటర్లు మాత్రమే. అంతకంటే పెద్ద చెరువులకు 30 మీటర్లు. 36 మీటర్ల చుక్కతో 9 మీటర్ల గీత తేల్చలేం కదా! అందుకే ఈ పని తెలిసినవారు శాటిలైట్ ఫొటో ఒక్కటే చూడరు. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, గ్రామ నక్షా, నేల ఎత్తుపల్లాల కొలతలు, అలుగు మట్టం అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఇప్పటి ఫొటోలు చాలా మెరుగు. 2019 నవంబర్‌లో ఇస్రో పంపిన కార్టోశాట్-3కి ఒక చుక్క 30 సెంటీమీటర్లలోపే. రోడ్డు మీద ఆటో ఏది, కారు ఏది అని గుర్తుపట్టొచ్చు. కానీ ఆ కళ్లతో 1990ని చూడలేం.

ఫోన్‌లో జీపీఎస్ సంగతీ ఇంతే. ఆకాశం బాగా కనిపించే మైదానంలో నిలబడితే ఫోన్ చూపించే చోటుకీ అసలు చోటుకీ సుమారు 5 మీటర్ల తేడా మామూలు. ఇరుకు గల్లీలో ఎత్తైన గోడల మధ్య ఇంకా పెరుగుతుంది. ముతవల్లీ సాబ్ మసీదు గేటు ముందు నిలబడి లొకేషన్ నొక్కితే గుర్తు పక్కింటి కిరాణా కొట్టు మీద పడొచ్చు. అదే సర్వేయర్లు వాడే పరికరం కార్స్ అనే స్టేషన్ల నెట్‌వర్క్‌కు కలిపితే తేడా కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. వక్ఫ్ చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ, అది కోర్టుల్లో ఉంది. కానీ ఫారంలో లొకేషన్ అడిగినప్పుడు ఫోన్ గుర్తుకూ సర్వే కొలతకూ ఉన్న తేడా తెలిసిన కుర్రాడు మొహల్లాకు ఒక్కడున్నా ఎంత ఉపయోగమో ఆలోచించండి.

ఊరంతా మ్యాపులే

ఈ విద్యకు హైదరాబాద్ దేశంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. బాలానగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇస్రో సంస్థ. 1974లో ఎన్‌ఆర్‌ఎస్‌ఏగా మొదలై, 2008లో ఇస్రోలో కలిసింది. శాటిలైట్లు పంపే ఫొటోలను అందుకునే యాంటెనాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి. భువన్ అనే మన దేశపు మ్యాపుల వెబ్‌సైట్ 2009 నుంచి నడుస్తున్నది వీళ్ల చేతుల్లోనే. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని నిగ్‌స్ట్ అంటున్నారు. సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నదీ ఈ నగరంలోనే. సముద్రంలో చేపలు ఎక్కువగా దొరికే చోట్లు ఎక్కడో శాటిలైట్ చూసి అంచనా వేసి మత్స్యకారులకు కబురు పంపేదీ వాళ్లే. పటాన్‌చెరులో ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీ కూడా ఈ పని చేస్తాయి. 2022 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ జియోస్పేషియల్ సదస్సు జరిగింది కూడా హైదరాబాద్‌లోనే.

ప్రైవేటు వైపు చూస్తే ఇప్పుడు సయెంట్ అని పిలుస్తున్న కంపెనీ 1991లో ఇన్ఫోటెక్ పేరుతో ఇక్కడే మొదలైంది. దాని తొలి పనుల్లో ఒకటి కాగితం మ్యాపులను కంప్యూటర్‌లోకి ఎక్కించటం. 2016 మేలో ఆపిల్ కంపెనీ తన మ్యాపుల పని కోసం ఇక్కడ ఆఫీసు తెరిచింది. 4,000 వరకు ఉద్యోగాలు వస్తాయని అప్పట్లో ప్రకటించారు. ఎక్కడో అమెరికాలో వన్‌వే రోడ్డు మారితే, మ్యాపులో ఆ బాణం గుర్తు తిప్పేది మాదాపూర్‌లో కూర్చున్న మన కుర్రాడే కావచ్చు.

పాలసీలు కూడా మారాయి. 2021 ఫిబ్రవరి వరకు మన దేశంలో కచ్చితమైన మ్యాపు తయారు చేయాలంటే అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ నెలలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు భారతీయ కంపెనీలకు ఆ బాధ తప్పించాయి. 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2030 నాటికి ఊళ్లు, పట్టణాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల వివరంతో మ్యాపు చేయాలన్నది అందులో ఒక లక్ష్యం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో నేషనల్ జియోస్పేషియల్ మిషన్‌కు 100 కోట్ల రూపాయలు ప్రకటించారు.

ఇక ఉద్యోగాల సంఖ్య. 2025 నాటికి ఈ రంగం విలువ 63,100 కోట్ల రూపాయలు అవుతుందని, 10 లక్షల మందికి పైగా పని దొరుకుతుందని 2022 సదస్సు సమయంలో కేంద్ర మంత్రి చెప్పారు. కామర్స్ చదివినవాళ్లకు ఇలాంటి అంకెలు చూడగానే కొంచెం అనుమానం వస్తుంది. అంచనా వేరు, జీతం స్లిప్ వేరు. పది లక్షల్లో ఎన్ని ఉద్యోగాలు పర్మనెంట్, ఎన్ని ఆరు నెలల కాంట్రాక్టు, ఎన్ని డ్రోన్ ఎగరేసే రోజుకూలీ? ఆ లెక్క ఎవరూ విడదీసి చెప్పరు. డబ్బు ఈ రంగంలోకి వస్తున్న మాట మాత్రం నిజం.

మొదటి మెట్టు విరుగుతోంది

ఇన్నేళ్లూ ఈ రంగంలోకి వచ్చిన చాలామంది ఒకే మెట్టు మీంచి ఎక్కారు. దాని పేరు డిజిటైజేషన్. స్క్రీన్ మీద శాటిలైట్ ఫొటో పెట్టుకుని మౌస్‌తో రోడ్డు వెంట గీత గీయటం, ఇంటి పైకప్పు చుట్టూ గీయటం. రోజుకు ఇన్ని గీతలని టార్గెట్ ఉంటుంది. డిగ్రీ ఏదైనా పర్వాలేదు, షిఫ్టుల్లో పని, జీతం తక్కువ. అయినా ఇంట్లో కూర్చోవటం కంటే నయమని ఎందరో చేరారు. అందులోనే కొందరు ఎదిగి టీం లీడర్లు, అనలిస్టులు అయ్యారు.

ఇప్పుడు ఆ గీతలు యంత్రం గీస్తోంది. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ పేరుతో, మైక్రోసాఫ్ట్ తన సొంతంగా, కోట్ల కొద్దీ భవనాల హద్దులను ఏఐతో గీయించి ఉచితంగా పెట్టేశాయి. వంద మంది నెలలు చేసే పని యంత్రం త్వరగా ముగిస్తోంది. కాబట్టి "మూడు నెలల్లో జీఐఎస్ నేర్పిస్తాం, వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న బోర్డు చూసి ఫీజు కట్టే ముందు ఆగండి. అక్కడ నేర్పేది మౌస్‌తో గీతలు గీయటమేనా, ఇంకేమైనా ఉందా అని అడగండి. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో ఇద్దరి నంబర్లు ఇమ్మనండి. ఇవ్వకపోతే మెట్లు దిగి వచ్చేయండి.

అయితే యంత్రం గీసినదంతా ఒప్పు కాదు. గోడకు గోడ ఆనుకున్న పాతబస్తీ ఇళ్లను పైనుంచి చూస్తే అన్నీ ఒకే పైకప్పులా ఉంటాయి. నాలుగు కుటుంబాల నాలుగు ఇళ్లను యంత్రం ఒకే భవనమని గీసేయొచ్చు. ఖబరస్తాన్‌ను ఖాళీ జాగా అనుకోవచ్చు. ఎండాకాలం ఎండిపోయిన కుంటను మైదానం అనుకోవచ్చు. ఈ తప్పును పట్టుకోవాలంటే నేల తెలిసిన మనిషి కావాలి. యంత్రం ఏ ఫొటోలు చూసి నేర్చుకుందో, ఏ నెలలో తీసిన ఫొటో మీద గీసిందో అడగగల మనిషి కావాలి. ఈ రంగంలో అసలు కొరత వీళ్లకే. సాఫ్ట్‌వేర్ బటన్లు తెలిసినవాళ్లు దొరుకుతారు. వచ్చిన జవాబును అనుమానించటం తెలిసినవాళ్లు తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో ఏమైందో చూడండి. 2020 డిసెంబర్‌లో డ్రోన్లు, కార్స్ స్టేషన్లు పెట్టి రాష్ట్రమంతా భూముల రీసర్వే మొదలుపెట్టారు. పరికరాలకు లోటు లేదు. అయినా విస్తీర్ణం తగ్గిందని, ఇద్దరు ముగ్గురు రైతుల భూమిని కలిపి ఒకే ముక్కగా చూపించారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2024లో గ్రామసభలు పెట్టి మళ్లీ వినాల్సి వచ్చింది. డ్రోన్ ఫొటోలో గట్టు కనిపిస్తుంది. ఆ గట్టు అన్నదమ్ముల మధ్య మాట మీద వేసుకున్నదా, రిజిస్టర్‌లో ఉన్నదా అన్నది ఫొటోలో కనిపించదు. రైతును పిలిచి, పొలంలో నిలబడి, పాత రికార్డు తెరిచి చూసే ఓపిక, శిక్షణ ఉన్న మనుషులు సరిపడా ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదని నా అభిప్రాయం.

ఉర్దూ చదవగలరా? ఇది కూడా స్కిల్లే

మన ఇళ్లలో ఉన్న ఒక విద్యను మనమే లెక్కలోకి తీసుకోవటం లేదు. నిజాం కాలంలో తెలంగాణ భూముల రికార్డులు రాసింది ఉర్దూలో. నక్షా, పహాణీ, సేత్వార్, ఖాస్రా, టిప్పన్, వసూల్ బాఖీ లాంటి మాటలు తెలుగు రైతు నోట్లో కూడా ఈనాటికీ ఉన్నాయి. తాతల నాటి హద్దు తేల్చాలంటే ఇప్పటికీ సేత్వార్ దాకా, టిప్పన్ దాకా వెళ్లాల్సిందే. టిప్పన్ అంటే ఒక సర్వే నంబర్‌కు ఆనాటి సర్వేయర్ చేత్తో గీసిన చిత్రం, పక్కన గొలుసు కొలతలు. దాన్ని చదవటానికి ఉర్దూ రావాలి, సర్వే రావాలి. రెండూ వచ్చినవాళ్లు ఎందరున్నారు? రిటైరైన పాత ఉద్యోగులు కొందరు. వాళ్ల తర్వాత ఎవరు?

కాగితం మీద ఉన్న ఆ చిత్రాన్ని కంప్యూటర్ మ్యాపు మీద కూర్చోబెట్టే పనిని జియోరెఫరెన్సింగ్ అంటారు. పాత నక్షాను స్కాన్ చేస్తారు. అందులోనూ ఇప్పటి ఫొటోలోనూ మారకుండా ఉన్న గుర్తులు వెతుకుతారు. పాత మసీదు మినార్, రాతి బావి, మూడు ఊళ్ల హద్దు కలిసే రాయి. ఆ గుర్తులను ఒకదానితో ఒకటి కలిపితే సాఫ్ట్‌వేర్ నక్షాను సాగదీసి సరిచేస్తుంది. చివర్లో ఎన్ని మీటర్ల తేడా మిగిలిందో ఒక అంకె చెబుతుంది. నూరేళ్ల కాగితం తేమకు సాగుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, మడత దగ్గర చిరుగుతుంది. అందుకే తేడా సున్నా ఎప్పుడూ రాదు. మంచి పనివాడు ఆ అంకెను దాచడు, మ్యాపు కిందే రాస్తాడు.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 వరకు హైదరాబాద్‌ను వివరంగా సర్వే చేశారు. ఆ షీట్లలో గల్లీలు, నాలాలు కనిపిస్తాయి. ఏ నాలా ఎక్కడ మాయమైందో తెలుసుకోవాలనుకునేవారు ఇప్పటికీ వాటినే తెరుస్తారు. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కేంద్రంలో మొఘల్ కాలం నుంచి నిజాంల దాకా పార్శీ, ఉర్దూ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. ఉర్దూ మీడియంలో చదివిన అమ్మాయికి, మదర్సాలో చదివి తర్వాత డిగ్రీ చేసిన అబ్బాయికి ఇక్కడ ఇతరులకు లేని సౌలభ్యం ఉంది. కాకపోతే ఒక జాగ్రత్త. అచ్చు పుస్తకం చదవగానే పాత రికార్డు చదవటం రాదు. గుమాస్తాలు వేగంగా రాసిన శికస్తా రాత వేరే లోకం. దానికి సాధన కావాలి. ఇంట్లో పెద్దవాళ్ల నిఖానామాలు, పాత సేల్‌డీడ్‌లు బయటికి తీసి మొదలుపెట్టొచ్చు.

ఇది మనకు కొత్త కూడా కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా సర్వే ఎవరెస్ట్ కాలానికి వచ్చేసరికి, ఆ పరికరాలను బాగుచేసి నడిపించిన వాళ్లలో ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ ఒకరు. మద్రాసులో నగల పని చేసిన మనిషి. ఆ చేతి నేర్పుతోనే సర్వేలో గణిత పరికరాల నిపుణుడి స్థాయికి చేరారు. పుస్తకాల్లో ఎవరెస్ట్ పేరు మిగిలింది, ఈయన పేరు వెతకాల్సి వస్తోంది.

ఎవరు ఏ దారిన రావొచ్చు

పదో తరగతి అయిన పిల్లలకు నా దృష్టిలో అన్నిటికంటే గట్టి దారి పాలిటెక్నిక్ సివిల్ డిప్లొమా. సర్వేయింగ్ అక్కడ సబ్జెక్టుగానే ఉంటుంది, పరికరం భుజాన వేసుకుని బయట నిలబడి నేర్చుకుంటారు. పాలీసెట్ రాసి ప్రభుత్వ కాలేజీలో చేరొచ్చు. ఉర్దూ మీడియం పిల్లలకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పాలిటెక్నిక్ ఉంది. మన అబ్బాయిలు డ్రోన్ అనగానే ఎగిరి గంతేస్తారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసైతే, గుర్తింపు ఉన్న చోట శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పొందొచ్చు. కానీ డ్రోన్ ఎగరేయటం ఈ పనిలో చిన్న భాగం. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు కూడా ఎగరేస్తున్నారు. తీసిన ఫొటోలను కొలతలకు పనికొచ్చే మ్యాపుగా మార్చటంలోనే డబ్బు ఉంది.

తెలంగాణలో ఇంకో తలుపు తెరుచుకుంది. భూభారతి చట్టం వచ్చాక రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాపు జతచేయాలన్న నిబంధన పెట్టారు. అంత పని ప్రభుత్వ సర్వేయర్లతో అయ్యేది కాదు. అందుకని 2025లో లైసెన్సుడ్ సర్వేయర్ల కోసం దరఖాస్తులు పిలిచి జిల్లాల్లో శిక్షణ ఇచ్చారు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండి 60 శాతం మార్కులున్నవారికి, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, డిప్లొమా, బీటెక్ సివిల్ వారికి అవకాశం ఇచ్చారు. మళ్లీ నోటిఫికేషన్ వస్తే మన పిల్లలు కనీసం అప్లై చేయాలి. ఈ కబురు మసీదు నోటీసు బోర్డు మీద పెడితే తప్పేముంది? కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పెడుతూనే ఉన్నాం కదా.

డిగ్రీ అయిన బీఏ, బీకాం, బీఎస్సీ వారు నిరాశపడొద్దు. ఎన్‌ఐఆర్‌డీ గ్రామీణాభివృద్ధికి జియోస్పేషియల్ టెక్నాలజీ వాడటంపై దూరవిద్యలో పీజీ డిప్లొమా నడిపింది. ప్రవేశాలు ఎప్పుడో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు ఇస్తుంది, సర్టిఫికెట్ కూడా వస్తుంది. గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ పేపర్ ఉంది. జేఎన్‌టీయూలో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం ఉంది. కామర్స్ వాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. బ్యాంకు కొత్త బ్రాంచి ఎక్కడ పెట్టాలి, పంట బీమాలో ఏ మండలానికి ఎంత ప్రీమియం, గోదాము ఊరి బయట ఏ వైపు ఉంటే డీజిల్ ఖర్చు తగ్గుతుంది, ఇవన్నీ మ్యాపు ప్రశ్నలే. ఎక్సెల్ బాగా వచ్చినవాడు దాని పక్కన క్యూజీఐఎస్ నేర్చుకుంటే, ఆపై పైథాన్ కొద్దిగా పట్టుకుంటే, వట్టి మౌస్ పని నుంచి బయటపడతాడు. క్యూజీఐఎస్ పూర్తిగా ఉచితం, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది.

ఆడపిల్లల గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. ఏసీ గదిలో కంప్యూటర్ పని కాబట్టి మన ఇళ్లలో దీనికి త్వరగా ఒప్పుకుంటారు. పొలాలు తిరగాలి, పరికరం మోయాలి అంటే "వద్దు బేటీ" అంటారు. యంత్రం ముందుగా మింగుతున్నది ఆ గది పనినే. నేల మీద నిలబడి నేర్చుకున్న అమ్మాయి పనికే విలువ పెరుగుతోంది. రోజూ వెళ్లక్కర్లేదు. శిక్షణలో కొన్ని వారాలైనా ఫీల్డ్‌కు పంపండి, అవసరమైతే మొదటి రోజు అబ్బా తోడు వెళ్లండి.

తప్పంతా కుటుంబాలదే అనను. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల స్కిల్ సబ్జెక్టుల్లో జియోస్పేషియల్ టెక్నాలజీ ఉంది. కానీ మన బస్తీల్లోని స్కూళ్లలో దాని పేరు విన్నవారే అరుదు. ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ తప్ప జాగ్రఫీ దొరకటం కష్టం. సిలబస్‌లో లేని చదువుకు లెక్చరర్లు రారు, లెక్చరర్లు లేని చోట కోర్సు పెట్టరు.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో పైన చెప్పిన ఎన్‌జీఏ సంస్థ సుమారు 1.7 బిలియన్ డాలర్లతో కొత్త కార్యాలయం కట్టి 2025లో తెరిచింది. నగరం ఉత్తర భాగంలో పేదలు, నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట, కొందరి ఇళ్లు ఖాళీ చేయించి మరీ కట్టారు. ఆ సంస్థ చేసే పని మీద ఎవరి అభిప్రాయం వారిది. అయితే అక్కడి హారిస్-స్టోవ్ యూనివర్సిటీతో, అంటే చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం నడుస్తున్న కాలేజీతో, ఒప్పందం చేసుకుని జియోస్పేషియల్ చదువు మొదలుపెట్టారు. బాలానగర్ గోడ పక్కన ఉండే ఫతేనగర్ పిల్లలకు ఎన్‌ఆర్‌ఎస్‌సీ లోపల ఏం జరుగుతుందో తెలుసా? ఈ ప్రశ్న మన ప్రజాప్రతినిధులు అడగొచ్చు.

ఈలోగా ఇంట్లో ఒక పని చేయొచ్చు. ఆసక్తి ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి తమ మొహల్లా ఖబరస్తాన్ గోడ వెంట ఫోన్ జీపీఎస్ ఆన్ చేసి నడవండి. ఆ దారిని క్యూజీఐఎస్‌లో తెరిచి విస్తీర్ణం ఎంతో చూడండి. మరుసటి శుక్రవారం అదే దారిలో మళ్లీ నడవండి, రెండు అంకెలూ ఒకటి కావు. కమిటీ దగ్గరున్న గెజిట్ కాగితంలో ఎకరాలు, గుంటలు ఎంతని రాసి ఉందో చూసి, మూడు అంకెలూ పక్కపక్కన రాయండి. తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీ రాయండి. ఫోన్ వల్లా, గోడ జరగటం వల్లా, కాగితం తప్పా? తేలకపోతే తేలలేదనే రాయండి. ఆ పేజీ, ఆ మ్యాపు కమిటీకి ఒక కాపీ ఇచ్చి, ఇంకోటి మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూలో చూపించటానికి మూడు నెలల సర్టిఫికెట్ కంటే అది బాగా పనికొస్తుంది.